నాలుగు ఇంటర్న్‌షిప్‌లు: ఒక కంప్యూటర్ విద్యార్థి అనుభవ పాఠాలు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా పనికొచ్చే వ్యాసం రాయమని సంపాదక వర్గం తమ్ముళ్ళు ఫోన్ చేసి అడిగినప్పుడు, ఏం రాయాలా అని రెండు రోజులు ఆలోచించాం. కవిత రాయడం మాకు చేతకాదు. వార్డెన్ సారు మీద పాట ఎలాగూ ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తారు. చివరికి, పోయినసారి హాస్టల్‌కు వచ్చినప్పుడు పదో తరగతి తమ్ముడొకడు వేసిన ప్రశ్న గుర్తొచ్చింది. "అన్నా, నువ్వు చదివేది కంప్యూటర్లు కదా, మరి ఎండలో పొలాల వెంట తిరిగినవంట, అక్కడ నీకేం పని?" అన్నాడు. ఆ రోజు బస్సుకు టైమైందని సరిగా జవాబు చెప్పకుండానే వచ్చేశాం. ఇది ఆ జవాబు అనుకోవచ్చు.

'మేము' అని రాస్తున్నాం గానీ ఉన్నది ఒక్కరమే. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా ఇదే హాస్టల్లో, ఒకే నల్లా దగ్గర పళ్ళాలు కడుక్కుని, ఒకే గదిలో ఇరవై మందితో కలిసి పడుకున్న వాళ్ళకు 'నేను' అని రాయాలంటే చెయ్యి రాదు. పాఠకులు మన్నించాలి.

కంప్యూటర్ సైన్సు అనగానే మన ఇళ్ళల్లో గుర్తొచ్చేది అమీర్‌పేటలో కోర్సు, మాదాపూర్‌లో ఉద్యోగం. అందులో తప్పేమీ లేదు, అది ఎన్నో ఇళ్ళకు అన్నం పెట్టిన దారి. అయితే ఈ చదువును వేరే శాస్త్రాల వాళ్ళ పనిలో పెట్టే దారి ఇంకొకటి ఉంది. దాని గురించి మాకు బీటెక్ రెండో ఏడాది దాకా ఎవరూ చెప్పలేదు. ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాళ్ళం మేమే కాబట్టి చెప్పేవారూ లేరు.

పరిశోధనా ఇంటర్న్‌షిప్ అంటే ఏమిటో మా నాన్నకు అర్థమయ్యేలా చెప్పినది ఇలా. ఆయన తాపీ మేస్త్రి. ఆయన పని నేర్చుకునేటప్పుడు మొదట ఇసుక జల్లెడ పట్టారు, మాలు కలిపి అందించారు, ఆ తర్వాతే తాపీ చేతికొచ్చింది. మేమూ అంతే. ఒక శాస్త్రవేత్త దగ్గర రెండు నెలలో, నాలుగు నెలలో ఉండి, ఆయన చేస్తున్న పెద్ద పనిలో చిన్న ముక్క తీసుకుని చేస్తాం. అంతా విని నాన్న ఒకటే అడిగారు, "కూలి ఇస్తరా?" దాని సంగతి తర్వాత రాస్తాం.

అక్షరాల మధ్య దూరం

మొదటి ఇంటర్న్‌షిప్ 2022లో, ఒక జీవశాస్త్ర ప్రయోగశాలలో. వరి మొక్క జన్యువులను పోల్చి చూసే పని. మాకు ఇంటర్‌లో ఎంపీసీ. జీవశాస్త్రం పదో తరగతితో సరి. మొదటి వారం వాళ్ళ మాటలు ఒక్కటీ బుర్రకెక్కలేదు.

తర్వాత తెలిసిందేమంటే, డి.ఎన్.ఎ.ను కంప్యూటర్‌లో పెట్టాక అది నాలుగే అక్షరాల రాత: ఎ, టి, జి, సి. మనిషి డి.ఎన్.ఎ.లో ఇలాంటి అక్షరాలు సుమారు 300 కోట్లు. వరిలో 12 క్రోమోజోములు, దాదాపు 40 కోట్ల అక్షరాలు. వరి జన్యురాశిని చదివే అంతర్జాతీయ బృందంలో మన దేశం కూడా పాల్గొని 11వ క్రోమోజోములో కొంత భాగం చదివింది. ఫలితాలు 2005లో అచ్చయ్యాయి. రెండు వరి రకాల్లో ఒకే జన్యువు ఎంత దగ్గరగా ఉందో చూడాలంటే, రెండు అక్షరాల వరుసలను పోల్చాలి. ఇది మన కంప్యూటర్ సిలబస్‌లో ఉన్న లెక్కే! పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేసిన లెక్క. తమ్ముళ్ళు పలక మీద కూడా చేయగలరు గనక ఇక్కడ చెబుతాం.

'అవసరం', 'అనవసరం' అనే రెండు మాటలు తీసుకోండి. ఒకదాని కింద ఒకటి రాసి, మొదటి అక్షరం కింద మొదటిది, రెండో దాని కింద రెండోది అని పోల్చితే 'అ' ఒక్కటే కలుస్తుంది. మిగిలినవన్నీ తేడా. కానీ కంటికి తెలుస్తూనే ఉంది, మధ్యలో 'న' ఒక్కటి ఎక్కువ, అంతే. కంటికి తెలిసిన ఈ సంగతి యంత్రానికి ఎలా చెప్పాలి? ఒక అక్షరం చేర్చడం, ఒకటి తీసేయడం, ఒకటి మార్చడం, ఈ మూడింటికీ తలా ఒక మార్కు ఖర్చు అనుకుంటే, ఒక మాటను ఇంకో మాటగా చేయడానికి పట్టే అతి తక్కువ ఖర్చే వాటి మధ్య దూరం. 1965లో లెవెన్‌స్టీన్ అనే రష్యన్ గణిత శాస్త్రజ్ఞుడు ఈ దూరాన్ని నిర్వచించాడు.

లెక్క కట్టడానికి ఒక పట్టిక గీయాలి. పైన అడ్డంగా 'అవసరం' అక్షరాలు, పక్కన నిలువుగా 'అనవసరం' అక్షరాలు. మొదటి వరుసలో 0, 1, 2, 3, 4 అని, మొదటి నిలువు గడుల్లో 0 నుంచి 5 దాకా రాసుకోండి. ఇక ప్రతి గడికీ ఒకటే సూత్రం. పైనున్న అక్షరం, పక్కనున్న అక్షరం ఒకటే అయితే ఐమూలగా ఎడమవైపు పైన ఉన్న గడి అంకెనే దించాలి. వేరైతే పైన, ఎడమ, ఐమూల గడులు మూడింటిలో చిన్న అంకెకు 1 కలపాలి. మేము వేసి చూస్తే ఇలా వచ్చింది.

మొదటి వరుస: 0, 1, 2, 3, 4
అ: 1, 0, 1, 2, 3
న: 2, 1, 1, 2, 3
వ: 3, 2, 1, 2, 3
స: 4, 3, 2, 1, 2
రం: 5, 4, 3, 2, 1

చివరి గడిలో 1 వచ్చింది. అంటే దూరం 1. దాదాపు ఇదే పట్టికను జీవశాస్త్రంలో ప్రొటీన్లు పోల్చడానికి నీడిల్‌మన్, వున్ష్ అనే ఇద్దరు 1970లో వాడారు. మార్కులు వేసే తీరు వేరు, పట్టిక నింపే తీరు ఒకటే.

మరి 300 కోట్ల అక్షరాల్లో 1000 అక్షరాల ముక్కను వెతకాలంటే? పట్టికలో 3 లక్షల కోట్ల గడులు నింపాలి. అందుకని 1990లో బ్లాస్ట్ అనే పద్ధతి తెచ్చారు. ముందు చిన్న చిన్న ముక్కలు ఎక్కడ కలుస్తున్నాయో చూసి, అలాంటి చోట్లే అటూ ఇటూ పెంచుకుంటూ పోతుంది. నోటీసు బోర్డు మీద హాల్ టికెట్ నంబరు వెతికేటప్పుడు మనం ముందు చివరి మూడంకెలు చూసి, కలిస్తేనే మొత్తం నంబరు చదువుతాం కదా, అలాగన్నమాట. ఇది అన్నిటినీ పట్టుకుంటుందని హామీ లేదు, కానీ చాలా వేగం.

ఇక మా తప్పు. ప్రోగ్రాం రాశాం, నడిపాం. బాగా కలవవలసిన రెండు వరుసలు అసలు కలవలేదని వచ్చింది. మూడు రోజులు ప్రోగ్రాంలోనే తప్పు వెతికాం. అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న అక్క ఒకసారి చూసి, "ఇది అవతలి పోగు నుంచి చదివిన రాత, తిప్పి చదువు" అంది. డి.ఎన్.ఎ.లో రెండు పోగులుంటాయి. ఒకదానిలో ఎ ఉన్నచోట రెండోదానిలో టి, జి ఉన్నచోట సి. చదివే దిశ కూడా ఎదురు. ఒక పోగు మీద 'ఎ ఎ జి సి' అని ఉంటే అదే చోటు అవతలి పోగు మీద 'జి సి టి టి' అని వస్తుంది. తిప్పి చదివితే రెండు వరుసలూ చక్కగా కలిశాయి. ప్రోగ్రాంలో ఒక్క తప్పూ లేదు. మాకు తెలియనిది డి.ఎన్.ఎ. గురించి.

చెరువు కాని చెరువులు

రెండోది 2023 జూన్, జూలైలలో. ఉపగ్రహ చిత్రాలు చూసి ఏ పొలంలో ఏ పైరు ఉందో గుర్తించే పని. తమ్ముడు అడిగిన పొలాల సంగతి ఇదే. కొంచెం వివరంగా రాస్తాం.

ఉపగ్రహం తీసే బొమ్మలో మన కంటికి కనిపించే రంగులతో పాటు కనిపించని పరారుణ కాంతి కూడా నమోదవుతుంది. పచ్చటి ఆకు ఎర్ర కాంతిని పీల్చుకుంటుంది, పరారుణాన్ని వెనక్కి కొడుతుంది. అందుకని పరారుణంలోంచి ఎరుపును తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే పచ్చదనపు సూచిక వస్తుంది. ఏపుగా ఉన్న పైరు మీద పరారుణం 0.45, ఎరుపు 0.05 ఉందనుకోండి. 0.40ని 0.50తో భాగిస్తే 0.8. దున్నిన నేల మీద 0.30, 0.25 ఉంటే సుమారు 0.09. నీటి మీద సున్నా కంటే కిందికి పోతుంది. యూరప్ వారి సెంటినెల్-2 ఉపగ్రహం చిత్రాలు ఎవరికైనా ఉచితమే. అందులో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే 100 చదరపు మీటర్లు. మన గుంట 101 చదరపు మీటర్లు! ఒక్కో చుక్క దాదాపు ఒక్కో గుంట అన్నమాట. ఎకరానికి నలభై చుక్కలు. ఈ లెక్క మేము చెప్పినప్పుడు అక్కడి వాళ్ళు సంబరపడ్డారు. వాళ్ళకు హెక్టార్లే తెలుసు.

వానాకాలంలో మబ్బులు అడ్డం వస్తాయి, మామూలు చిత్రం పనికిరాదు. అందుకు రాడార్ ఉపగ్రహాలు కావాలి. అవి మబ్బుల్లోంచి కూడా చూస్తాయి. 2014లో ఎగిరిన సెంటినెల్-1 అలాంటిదే. మన ఇస్రో, అమెరికా నాసా కలిసి చేసిన నిసార్ కూడా రాడార్ ఉపగ్రహమే, 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఎగిరింది. రాడార్ తరంగం నిలకడగా ఉన్న నీటి మీద పడితే అద్దం మీద పడినట్టు పక్కకు పోతుంది, వెనక్కి రాదు. అందుకే నీరు నల్లగా కనపడుతుంది. పైరు పెరిగేకొద్దీ ఆ చోటు తెల్లబడుతుంది.

మాకు ఇచ్చిన ప్రాంతం నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది కొన్ని మండలాలు. మా ఊరు ఆ కాలువ కిందే. మా బృందం ప్రోగ్రాం ముందటి ఏడాది నాట్ల కాలం చిత్రం మీద నడిస్తే, పటం నిండా చిన్న చిన్న నీటి మడుగులు వచ్చాయి. బృందంలో అందరూ వేరే రాష్ట్రాల వాళ్ళు, పెద్ద కాలేజీల వాళ్ళు. "ఈ ప్రాంతంలో చెరువులు చాలా ఉన్నాయి" అని తేల్చుకుని, ఆ మడుగులన్నీ పటంలోంచి తీసేశారు, వరి లెక్క తేలికవుతుందని.

అవి చెరువులు కావని మాకు చూసిన నిమిషంలోనే తెలుసు. అవి దమ్ము చేసిన మళ్ళు. నాట్లకు ముందు మడిలో నీళ్ళు పెట్టి దున్ని బురద చేస్తారని, నాట్లేశాక కూడా కొన్నాళ్ళు నీళ్ళు నిలబెడతారని మన ఊళ్ళల్లో పిల్లలకు కూడా తెలుసు. పైనుంచి చూస్తే అది నీరే. అంటే వాళ్ళు తీసేసినది చెరువులను కాదు, వరినే.

తెలిసి కూడా పన్నెండు రోజులు నోరు విప్పలేదు. ఎందుకని ఇప్పుడు ఆలోచిస్తే మూడు కారణాలు కనపడతాయి. ఇంగ్లీషులో చెప్పడం రాదని ఒకటి. ఇంత చదివిన వాళ్ళకు ఈ మాత్రం తెలియదా, మనమే ఏదో పొరబడుతున్నామేమో అన్నది రెండోది. మూడోది రాయడానికి కొంచెం కష్టంగా ఉంది. "నీకెలా తెలుసు?" అని అడిగితే మా అమ్మ నాట్ల కూలీ అని చెప్పాలి. కాలేజీలో అప్పటిదాకా ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

పదమూడో రోజు సమీక్ష జరిగింది. వ్యవసాయ శాఖ వారి లెక్క కంటే మన వరి విస్తీర్ణం ఎందుకింత తక్కువ వచ్చిందని పెద్ద సారు అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో చెప్పాం. ఆయనకు తెలుగు రాదు, పక్కనున్న ఇంకో సారు అర్థం చెప్పారు. అనుకున్నట్టే "హౌ డు యూ నో?" అన్నారు. "మా అమ్మ ఆ నీళ్ళలో నిలబడి నాట్లేస్తుంది సార్" అన్నాం. గదిలో ఎవరూ నవ్వలేదు. పెద్ద సారు కుర్చీ ముందుకు జరుపుకుని, నీళ్ళు ఎన్నాళ్ళుంటాయి, ఏ ఊళ్ళో ముందు వేస్తారు అని వరసగా అడిగారు. కొన్నిటికి జవాబు మాకు తెలియదు. బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాం.

కాలువ నీళ్ళు ముందు ఎగువ ఊళ్ళకు అందుతాయని, చివరి ఊళ్ళకు చేరేసరికి వారాలు పడుతుందని, అందుకే కూలీలు ఎగువ ఊళ్ళల్లో నాట్లు మొదలుపెట్టి పని వెంట కిందికి వస్తారని అమ్మ చెప్పింది. అంటే మొత్తం ప్రాంతానికి ఒకే తేదీ చిత్రం చూస్తే ఒక ఊరిలో నీళ్ళు, ఒక ఊరిలో పచ్చదనం, ఇంకో ఊరిలో ఎండిన నేల కనపడతాయి. ఒక్క రోజు చిత్రం చాలదు, ప్రతి చుక్కకూ వరుసగా తేదీలన్నీ చూడాలి. మొదట నీరు, తర్వాత కొన్ని వారాల్లో పచ్చదనం, కోతల ముందు పసుపు, ఆ తర్వాత ఖాళీ, ఇలా వస్తే వరి. ఎప్పుడు చూసినా నీరే అయితే చెరువు. ఈ వరుసను పోల్చడం కూడా, ఆలోచిస్తే, మొదటి ఇంటర్న్‌షిప్‌లో చేసిన పట్టిక లెక్కకు చుట్టమే. ఒక ఊరి వరుస ఇంకో ఊరి వరుస కంటే మూడు వారాలు జరిగి ఉంటుంది, అంతే.

ఇదేదో మేము కనిపెట్టినట్టు తమ్ముళ్ళు అనుకోవద్దు. నీళ్ళు నిలిచిన దశను బట్టి వరిని గుర్తించే పద్ధతితో దక్షిణ చైనా వరి పటాలు వేసి 2005లోనే ప్రచురించారు. మేము ఆ వ్యాసం చదివి ఉన్నా సరిపోయేది, మొదటి రోజే నోరు విప్పినా సరిపోయేది. రెండూ చేయలేదు. అరవై రోజుల ఇంటర్న్‌షిప్‌లో పన్నెండు రోజులు పోయాయి.

జూలై చివర్లో పొలాలు చూడ్డానికి వెళ్ళినప్పుడు బృందానికి దారి చూపించింది మేమే. తమ్ముడు విన్న 'ఎండలో తిరగడం' అదే. ఫోన్లో ఉండే జీపీఎస్‌తో ప్రతి పొలం దగ్గర నిలబడి, అక్కడున్న పైరు పేరు రాసుకోవాలి. పత్తి, వరి, మిరప, బత్తాయి తోట. ఈ నోటుబుక్కు లేకపోతే ఎంత పెద్ద ప్రోగ్రామైనా ఉత్త ఊహే.

ఎక్స్‌రేలు, అక్షరాలు

మిగతా రెండూ క్లుప్తంగా. బీటెక్ ఆఖరి సెమిస్టరులో, 2024లో, ఛాతీ ఎక్స్‌రేలు చూసి జబ్బు గుర్తించే ప్రోగ్రాం మీద పనిచేశాం. మా ప్రోగ్రాంకు నూటికి తొంభైకి పైగా మార్కులొచ్చాయి. మిఠాయి కూడా పంచాం. తర్వాత బయటపడింది, ఒకే రోగివి మూడు నాలుగు ఎక్స్‌రేలు ఉన్నాయని, వాటిలో కొన్ని నేర్పే కట్టలోకి, కొన్ని పరీక్ష కట్టలోకి వెళ్ళాయని. క్లాసులో చేయించిన లెక్కలే పరీక్షలో ఇచ్చినట్టయింది. రోగుల వారీగా విడదీసి మళ్ళీ పరీక్ష పెడితే మార్కులు ఎంతకు పడిపోయాయో రాయడానికి మాకే సిగ్గు. అయితే ఇలా పొరబడేది మేమొక్కరమే కాదు. 2018లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో, న్యుమోనియా గుర్తించడం నేర్చుకున్న ప్రోగ్రాం బయటి ఆసుపత్రి ఎక్స్‌రేల మీద తడబడింది. ఏ ఎక్స్‌రే ఏ ఆసుపత్రిదో మాత్రం దాదాపు తప్పు లేకుండా పసిగట్టగలిగింది.

నాలుగోది 2025 వేసవిలో. పాత తెలుగు పుస్తకాల బొమ్మల్లోంచి అక్షరాలు చదివే ప్రోగ్రాం. ప, వ ఒకదానికొకటి, మ, య ఒకదానికొకటి కలిసిపోతుంటాయి. ఎన్ని తప్పులు చదివిందో లెక్కించడానికి వాడేది మళ్ళీ ఆ లెవెన్‌స్టీన్ దూరమే. పాత స్నేహితుడు కలిసినట్టనిపించింది. కానీ ఇక్కడ ఒక చిక్కు. 'స్త్రీ' ఎన్ని అక్షరాలు? మనకు ఒకటి. కంప్యూటర్‌కు ఆరు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు కేటాయించినప్పటి నుంచీ రాత ఇలాగే నిల్వ అవుతోంది. పుస్తకంలో ఒక్క 'స్త్రీ'ని ప్రోగ్రాం వదిలేస్తే మన లెక్కలో 1 తప్పు, దాని లెక్కలో 6. ఇంగ్లీషు కోసం రాసిన తప్పుల లెక్కను తెలుగుకు తెచ్చి పెడితే ఏ ప్రోగ్రాం మంచిదో, ఏది కాదో తారుమారయ్యే ప్రమాదం ఉంది. మేము ఆ రెండు నెలలూ ముఖ్యంగా చేసినది ఈ లెక్కను అక్షరాల వారీగా సరిచేయడమే. ఈసారి మొదటి రోజే చెప్పాం.

దరఖాస్తు, దారి ఖర్చు

ఇక నాన్న అడిగిన కూలి సంగతి. మొదటి ఇంటర్న్‌షిప్‌కు ఏమీ ఇవ్వలేదు. సెలవుల్లో కాలేజీ హాస్టల్ కూడా మూసేస్తారు. అప్పుడు నగరంలో మనకు గది ఉండదు, అన్నం ఉండదు. మన హాస్టల్ పూర్వ విద్యార్థి, మాకంటే ఆరేళ్ళు పెద్ద అన్న, తన గదిలో నేల మీద చోటిచ్చారు. వంట మేము చేసేవాళ్ళం, బియ్యం ఇంటి నుంచి. ఆ అన్న పేరు రాయొద్దన్నారు గనక రాయడం లేదు. పూర్వ విద్యార్థులు ఈ సంచిక చదువుతారు కాబట్టి ఒక మనవి: నగరంలో ఉన్నవారు వేసవి రెండు నెలలు ఒక తమ్ముడికి చాప పరిచేంత చోటివ్వగలిగితే, అది ఏ ఉపకార వేతనానికీ తీసిపోదు.

రెండోదానికి, నాలుగోదానికి నెలనెలా డబ్బిచ్చారు. మూడోచోట ఇస్తామన్నారు, వచ్చేసరికి ఐదు నెలలు పట్టింది. కాబట్టి చేరే ముందే ఎంత, ఎప్పుడు అని రాతపూర్వకంగా అడగాలి. అడిగితే ఏమనుకుంటారో అని మేము అడగలేదు. ఇక మీ దగ్గరే డబ్బు తీసుకుని ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తామనే వాళ్ళుంటారు. వాళ్ళ గడప తొక్కవద్దు.

దేశంలోని మూడు విజ్ఞాన అకాడెమీలు కలిసి వేసవి పరిశోధనా ఫెలోషిప్‌లు ఇస్తుంటాయి, ఎంపికైనవారికి రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని. ఐఐటీలు, ఇతర పరిశోధనా సంస్థలు కూడా వేరుగా ప్రకటనలు ఇస్తాయి. చలికాలం నుంచే వాటి కోసం చూస్తుండాలి, వేసవి వచ్చాక వెతికితే గడువు దాటిపోతుంది. నేరుగా ఆచార్యులకు ఉత్తరం రాసినా తప్పు లేదు. మేము మొదట నలభై మందికి ఒకే ఉత్తరం పంపాం, ఒక్కరూ పలకలేదు. తర్వాత ఒక్కొక్కరి వ్యాసం ఒకటి చదివి, అందులో మాకు అర్థమైన ఒక ముక్క, అర్థం కాని ఒక ముక్క రాసి ఎనిమిది మందికి పంపితే ముగ్గురు జవాబిచ్చారు.

2024లో కాలేజీకి వచ్చిన ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. అది వదిలి గేట్ రాసి ఎం.టెక్.లో చేరాం. గేట్‌తో చేరినవారికి నెలకు 12,400 రూపాయలు ఇస్తారు. అందులో నాలుగు వేలు ఇంటికి పంపుతున్నాం, చెల్లి డిగ్రీ చదువుతోంది. ఆ ఉద్యోగంలో చేరి ఉంటే ఇంకా ఎక్కువే పంపేవాళ్ళం. నాన్న నడుం నొప్పితో పరంజా ఎక్కడం తగ్గించారు. సెలవులకు వెళ్ళినప్పుడు ఆయన ఏమీ అనరు, అనకపోవడమే మాకు బరువుగా ఉంటుంది. ఈ నిర్ణయం సరైనదేనా అని తమ్ముళ్ళు అడిగితే ఇవాళ మా దగ్గర జవాబు లేదు. వచ్చే ఏడాది సంచికకు అడగండి.

అమ్మకు ఆ వరి పటం ఫోన్లో చూపించాం. మా ఊరి చెరువును, కాలువను గుర్తుపట్టి, కట్ట కింద ఆకుపచ్చగా చూపించిన ఒక ముక్క మీద వేలు పెట్టింది. "ఇది వరి కాదు, ఆ ఏడు వాళ్ళు బీడు పెట్టిన్రు, తుంగ మొలిచింది" అంది. నోటుబుక్కు తీసి చూస్తే ఆ పొలం దగ్గరికి మేము వెళ్ళనే లేదు. దిద్దుబాటు పంపాం.

తమ్ముళ్ళకు ఒక లెక్క ఇచ్చి ముగిస్తాం. 'కమల', 'కలప' ఈ రెండు మాటల మధ్య దూరం ఎంతో పట్టిక వేసి చూడండి. జవాబు 2 రావాలి. అయితే ఆ 2 రెండు వేర్వేరు దారుల్లో వస్తుంది, ఆ రెండూ ఏవో రాయండి. దసరా సెలవుల ముందు ఒక ఆదివారం హాస్టల్‌కు వస్తాం. మెస్ దగ్గర గోడ మీద బొగ్గుతో వేసినా సరే, వార్డెన్ సారుకు మేము చెప్పుకుంటాం.